మఱ్ఱినీడ చదువు – జిడ్డు కృష్ణమూర్తి

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రకృతి, ఆరోగ్యం, పరిసరాలు అనే మూడు విషయాలను ప్రాథమిక పాఠశాలలో మూడు వేర్వేరు పాఠాలుగా బోధించడం మనకు అలవాటు. చెట్టు బొమ్మ ఒక పుటలో, దోమ బొమ్మ మరొక పుటలో ఉంటాయి. పిల్లవాడు రెండింటినీ కంఠస్థం చేస్తాడు. బడి వెలుపల ఉన్న చెట్టును గాని, బడి గోడ ప్రక్కన నిలిచిన మురుగునీటిని గాని కన్నెత్తి చూడడు. ఈ లోపాన్ని తన పసితనంలోనే అనుభవించి, పెద్దవాడైన పిమ్మట దానిని సరిదిద్దే విద్య కోసం జీవితాంతం పరిశ్రమించిన తెలుగువాడు జిడ్డు కృష్ణమూర్తి. ఆయన జీవితాన్ని ఈ దృష్టితో పరిచయం చేసి, హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట వంటి మన పరిసరాలకు ఆ విద్యను అన్వయించి చూపడం ఈ పాఠం ఉద్దేశం.

జ్వరపీడిత బాల్యం

రాయలసీమలో కొండల నడుమ, ఎత్తైన పీఠభూమిపై వెలసిన పట్టణం మదనపల్లె. చల్లని గాలికీ, ఆరోగ్యకరమైన వాతావరణానికీ అది పేరెన్నిక గన్నది. 1915లో క్షయరోగుల కోసం అక్కడి ఆరోగ్యవరంలో చికిత్సాలయం వెలసిందంటే ఆ గాలి గొప్పదనం ఊహించుకోవచ్చు. ఆ పట్టణంలో 1895 మే నెలలో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానంగా కృష్ణమూర్తి జన్మించాడు. దేవకీదేవికి అష్టమగర్భంలో జన్మించిన శ్రీకృష్ణుని తలచుకొని తల్లిదండ్రులు ఆ పేరు పెట్టుకొన్నారు. నారాయణయ్య ఆంగ్ల ప్రభుత్వంలో రెవెన్యూ ఉద్యోగి. ఉద్యోగరీత్యా ఆయనకు తరచుగా బదిలీలు అయ్యేవి.

1896 చివరలో నారాయణయ్యకు కడపకు బదిలీ అయింది. ఆనాటి కడప మలేరియాకు నెలవు. మరుసటి సంవత్సరం, అనగా 1897లో, దేశంలో తీవ్రమైన కరవు తాండవించింది. ఆ యేడే రెండేళ్ల పసివాడైన కృష్ణమూర్తికి మలేరియా సోకింది. కొన్ని దినాలపాటు బిడ్డ దక్కుతాడన్న ఆశ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఎట్లో ప్రాణగండం గడిచింది గాని జ్వరం అతనిని విడిచిపెట్టలేదు. 1900లో తండ్రికి ఆరోగ్యకరమైన కదిరికి బదిలీ అయిన తరువాత కూడ ఏళ్ల తరబడి జ్వరం తిరగబెడుతూనే వచ్చింది. తరచుగా ముక్కునుండి రక్తం కారేది.

విద్యార్థులు ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. కడపలో ఆ పసివాడు ప్రాణాపాయంలో ఉన్న ఆ 1897వ సంవత్సరంలోనే, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమలను కోసి సూక్ష్మదర్శిని క్రింద పరిశీలిస్తున్నాడు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తాన్ని త్రాగిన దోమ పొట్టగోడలో మలేరియా క్రిమి పెరుగుతున్న జాడను ఆయన ఆగస్టు 20వ తేదీన కనుగొన్నాడు. చెడుగాలి వలన వస్తుందని శతాబ్దాలుగా నమ్మిన జ్వరం నిజానికి దోమకాటుతో వ్యాపిస్తుందన్న సత్యానికి ఆ దర్శనమే నాంది. ఆ పరిశోధనకు గాను 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. రోగానికి మూలమేమిటో తెలిసినా, ఆ తెలివి కడప వీధుల్లోని తల్లులకు చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కనుగొనడం ఒక ఎత్తు, కనుగొన్నది పిల్లల బడి దాకా, పేదవాని ఇంటి దాకా చేరవేయడం మరొక ఎత్తు. ప్రాథమిక పాఠశాలలో ఆరోగ్యబోధ ఎందుకు అవసరమో ఈ ఒక్క ఉదాహరణ చెప్పకయే చెబుతున్నది.

మందమతి అనిపించుకొన్న పరిశీలకుడు

జ్వరం కారణంగా కృష్ణమూర్తి తరచు బడి మానవలసి వచ్చేది. బడికి పోయిన దినాలలో కూడ పాఠం అతని తలకెక్కేది కాదు. ఉపాధ్యాయులు అతనిని మందమతిగా తలచారు, బెత్తంతో కొట్టారు. పరధ్యానంగా ఉండే ఆ పిల్లవానికి ఆ దెబ్బలు ఎందుకు పడుతున్నాయో కూడ సరిగా బోధపడేది కాదు.

కాని అదే పిల్లవాడు ఇంటి దగ్గర వేరొక విధంగా కనిపించేవాడు. చీమల బారునో, ఆకుమీది పురుగునో, ఆకాశంలో మబ్బుల కదలికనో గంటల తరబడి కదలకుండా చూస్తూ ఉండేవాడు. యంత్రాలన్నా అతనికి ఎంతో మక్కువ. ఒకసారి తండ్రి గడియారాన్ని ఊడదీసి, అది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకొని, మరల బిగించేవరకు బడికి పోనని భీష్మించుకొన్నాడు. ఇంటికి వచ్చిన బిచ్చగాండ్రకు తల్లి ఇమ్మన్న బియ్యం పోయడం అతని పని. పలకా పుస్తకాలూ లేని తోటి పిల్లవానికి తనవి ఇచ్చివేసి, వట్టి చేతులతో ఇంటికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఇప్పుడు మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. గంటల తరబడి ఒక చీమను ఏకాగ్రతతో చూడగలిగినవాడు, గడియారం లోగుట్టు విప్పగలిగినవాడు మందమతి ఎట్లా అవుతాడు? మలేరియా మాటిమాటికీ తిరగబెట్టినప్పుడు రక్తంలోని ఎర్రకణాలు నశిస్తాయి. రక్తహీనత కలుగుతుంది. శరీరం నీరసించి మనస్సు మందగిస్తుంది. ఆ ఉపాధ్యాయుల ముందున్నది తెలివిలేని విద్యార్థి కాదు, రోగి అయిన విద్యార్థి. వారి బెత్తం అతని జ్వరాన్ని చూడలేదు. అతని చూపులోని శక్తినీ చూడలేదు. పిల్లవానిని సరిగా చూడలేని బడి, పిల్లవానికి ప్రపంచాన్ని చూడటం ఎట్లా నేర్పగలదు? కృష్ణమూర్తి తరువాతి జీవితమంతా ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే అని చెప్పినా అతిశయోక్తి కాదు.

1905 డిసెంబరులో సంజీవమ్మ మరణించింది. పదేండ్ల వయసులో కృష్ణమూర్తి తల్లిలేనివాడయ్యాడు.

అడయారు నుండి ఐరోపాకు

పదవీ విరమణ పొందిన నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజంలో చిరకాల సభ్యుడు. 1909 జనవరిలో ఆయన తన కుమారులతో మద్రాసులోని అడయారుకు చేరి, ఆ సమాజ కార్యాలయంలో పనికి కుదిరాడు. అక్కడ కూడ పిల్లల పరిస్థితి మెరుగుపడలేదు. కాపురమున్నది కనీస పారిశుద్ధ్య వసతి లేని చిన్న ఇల్లు. మైలాపూరులోని బడికి నడిచి వెళ్లేవారు. బడిలో మరల అవే దెబ్బలు.

ఆ సంవత్సరమే సమాజ ప్రముఖుడైన లెడ్‌బీటర్ అడయారు నది సముద్రంలో కలిసే చోట కృష్ణమూర్తిని చూచాడు. మురికి బట్టలతో, బక్కచిక్కిన శరీరంతో ఉన్న ఆ బాలునిలో ఆయనకు అపూర్వమైన తేజస్సు గోచరించింది. అచిరకాలంలోనే అనీబిసెంట్ కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ తన సంరక్షణలోకి తీసుకొన్నది. శుభ్రమైన ఆహారం, స్నానం, వ్యాయామం, ఆప్యాయత లభించేసరికి, మందమతి అనిపించుకొన్న ఆ పిల్లవాడు కొద్ది నెలల్లోనే ఆంగ్లం మాట్లాడసాగాడు. ఆరోగ్యానికీ చదువుకూ గల సంబంధానికి ఇంతకంటె ప్రత్యక్ష నిదర్శనం వేరొకటి అక్కరలేదు.

రాబోయే జగద్గురువు కృష్ణమూర్తియే అని దివ్యజ్ఞాన సమాజ నాయకులు విశ్వసించారు. ఆయన కోసం 1911లో ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంస్థను స్థాపించారు. అదే సంవత్సరం సోదరులిద్దరినీ ఇంగ్లండుకు తీసుకొనిపోయారు. పిల్లలను తిరిగి తనకు అప్పగించమని నారాయణయ్య న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన తీర్పు చెప్పినా, 1914లో ప్రీవీ కౌన్సిల్ అనీబిసెంట్ పక్షాన తీర్పు చెప్పింది. ఈ ఎడబాటుకు కృష్ణమూర్తి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. తల్లి ఒడిలో నేర్చిన తెలుగును ఆయన క్రమంగా పూర్తిగా మరచిపోయారు. ప్రపంచమంతటా తిరిగి ఉపన్యసించిన ఆ తెలుగుబిడ్డ ఆంగ్లంలోనే మాట్లాడవలసి వచ్చింది.

1922లో సోదరులు అమెరికాలోని కాలిఫోర్నియాలో ఓహాయ్ లోయకు చేరారు. క్షయరోగంతో బాధపడుతున్న నిత్యానందకు అక్కడి పొడిగాలి మేలు చేస్తుందన్న ఆశ వారిని అక్కడికి నడిపించింది. ఆ ఆశ ఫలించలేదు. 1925 నవంబరులో కృష్ణమూర్తి ఓడలో భారతదేశానికి ప్రయాణిస్తుండగా తమ్ముని మరణవార్త అందింది. తమ్ముడు బ్రతుకుతాడని పెద్దలు ఇచ్చిన దైవికమైన హామీలన్నీ ఒక్క దెబ్బతో కూలిపోయాయి. శోకాన్ని తప్పించుకోవడానికి ఆయన ఏ సిద్ధాంతాన్నీ ఆశ్రయించలేదు. ఆ శోకాన్నే తేరిపార చూచారు. నాలుగేండ్ల తరువాత, 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండులోని ఓమెన్‌లో వేలాదిమంది అనుయాయుల సమక్షంలో, తాను అధిపతిగా ఉన్న సంస్థను తానే రద్దు చేశారు. తన కోసం సమర్పించిన ఆస్తులను దాతలకు తిరిగి ఇప్పించివేశారు. గురుపీఠం కాలదన్నుకొన్న వ్యక్తి ఆ పిమ్మట పాఠశాలల వైపు మరింతగా దృష్టి సారించడం గమనింపదగిన విషయం. తనను అనుసరించేవారు ఆయనకు అక్కరలేదు. తమంత తాము చూచి తెలుసుకొనే పిల్లలు కావాలి.

ఋషికొండ నీడన

1920వ దశకం మధ్యలో కృష్ణమూర్తి విద్యాసంస్థకు అనువైన స్థలం కోసం వెదుకుతూ తన జన్మస్థలమైన మదనపల్లె చేరువలోని తెట్టు గ్రామ ప్రాంతానికి వచ్చారు. పడమట ఋషికొండ, చుట్టూ బండరాళ్లు పేర్చినట్లున్న గుట్టలు, నడుమ ఊడలు దిగిన మహావటవృక్షం. ఆ మఱ్ఱిచెట్టు ఉన్న లోయనే ఆయన ఎన్నుకొన్నారు. స్నేహితులు అక్కడ భూమిని సేకరించారు. 1931లో మద్రాసు గిండీలోని పాఠశాల ఆ లోయకు తరలివచ్చింది. అదే రిషీవ్యాలీ పాఠశాల. గంగాతీరంలో కాశీ సమీపాన రాజఘాట్‌లోను, తరువాతి కాలంలో ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్కులోను, ఓహాయ్‌లోను, మద్రాసులోను, బెంగుళూరులోను ఆయన ప్రేరణతో పాఠశాలలు వెలశాయి.

రిషీవ్యాలీ నెలకొన్న ప్రాంతం కరవుసీమ. వర్షం తక్కువ, అదీ నిలకడలేనిది. వంటచెరకు కోసం కొండలమీది చెట్లు నరికివేయబడ్డాయి. చిగురించిన మొక్కలను మేకలు మేసివేసేవి. పట్టి ఉంచే వేళ్లు లేక వానతో పాటు మన్నూ కొట్టుకొనిపోయేది. అటువంటి నేలలో పాఠశాలవారు దశాబ్దాలపాటు ఓర్పుతో మొక్కలు నాటారు, వాననీటికి అడ్డుకట్టలు వేశారు, కొండవాలులను మేతనుండి కాపాడారు. నీరు భూమిలోకి ఇంకింది, చెట్టు నిలిచింది, చెట్టుతో పిట్ట వచ్చింది. 1991లో ఆ లోయను పక్షి సంరక్షణ ప్రదేశంగా ప్రకటించారు. అక్కడ 200కు పైగా పక్షిజాతులు గుర్తింపబడ్డాయి. అక్కడి పిల్లలకు పర్యావరణం పరీక్షకు వచ్చే అధ్యాయంగా మిగలలేదు. తాము నీరు పోసిన మొక్కగా, మరుసటి యేడు ఆ మొక్కపై వాలిన పిట్టగా వారికి అది పరిచయమయింది.

ఆ పాఠశాలలో అస్తాచలం అని పిలిచే ఒక ఆచారం ఉన్నది. సాయంకాలం పిల్లలందరు ఒకచోట చేరి, సూర్యుడు కొండవెనుకకు జారిపోవడాన్ని మౌనంగా చూస్తారు. అందులో ప్రార్థన లేదు, ఉపన్యాసం లేదు, ప్రశ్నాపత్రం అసలే లేదు. ఉన్నది చూపు ఒక్కటే. చీమల బారును చూస్తూ కూర్చున్నందుకు దెబ్బలు తిన్న పిల్లవాడు, ఆ చూపుకు దినచర్యలో చోటు కల్పించిన పాఠశాల స్థాపనకు కారకుడు కావడం విశేషం కాదా?

ఆయన విద్యాదృష్టి

కృష్ణమూర్తి 1953లో ప్రచురించిన ఎడ్యుకేషన్ అండ్ ది సిగ్నిఫికెన్స్ ఆఫ్ లైఫ్ అనే గ్రంథంలోను, 1978 నుండి తమ పాఠశాలలకు వరుసగా వ్రాసిన లేఖలలోను ఆయన విద్యాభిప్రాయాలు విస్తరించి ఉన్నాయి. వాటి సారాంశాన్ని ఇట్లా చెప్పుకోవచ్చు.

మొదటిది, భయం ఉన్నచోట తెలివి వికసించదు. దండన ఎంత హానికరమో, ఒక పిల్లవానిని మరొక పిల్లవానితో పోల్చడం కూడ అంతే హానికరం. పోల్చినప్పుడు మనం ఎదుటనున్న బిడ్డను చూడటం మానివేసి, అక్కడ లేని మరొకరిని చూస్తాము.

రెండవది, చూడటమే నేర్వడానికి పునాది. ఒక చెట్టు పేరు చెప్పగానే ఆ చెట్టును తెలుసుకొన్నామని భ్రమపడతాము. పేరు అవసరమే, కాని పేరుతో చూపు ఆగిపోరాదు. మఱ్ఱి అన్న మాట నేర్చిన పిల్లవాడు దాని ఊడ ఏ దిక్కునుండి దిగినదో, దాని పండును కోయిల తిన్నదో కాకి తిన్నదో, ఆ పిట్ట విడిచిన విత్తనం ఏ గోడ పగులులో మొలకెత్తినదో చూడాలి. అప్పుడే ఆ మాటకు ప్రాణం వస్తుంది.

మూడవది, శరీరాన్ని నిర్లక్ష్యం చేసే చదువు చదువు కాదు. కృష్ణమూర్తి శాకాహారి. వృద్ధాప్యంలో కూడ ప్రతిదినం యోగాసనాలు వేసేవారు, సాయంకాలం చాలాదూరం నడిచేవారు. పిల్లల ఆహారం, నిద్ర, వ్యాయామం, పరిశుభ్రత ఉపాధ్యాయుని శ్రద్ధలో భాగమేనని ఆయన పదేపదే గుర్తుచేసేవారు. జ్వరంతో తూలుతూ బడికి పోయిన పిల్లవాని జ్ఞాపకం ఈ శ్రద్ధ వెనుక ఉన్నదని మనం ఊహించవచ్చు.

నాలుగవది, ప్రకృతితో సంబంధం తెగినవానికి మనుష్యులతో కూడ సంబంధం తెగిపోతుంది. చెట్టును అకారణంగా నరికే చేతికీ, తోటివానిని బాధించే చేతికీ మధ్య దూరం తక్కువ. కామెంటరీస్ ఆన్ లివింగ్ అనే ఆయన గ్రంథసంపుటాలలో మనుష్యుల దుఃఖాన్ని గురించిన సంభాషణలు ఎన్నో ఒక నది వర్ణనతోనో, ఒక చెట్టు వర్ణనతోనో మొదలవుతాయి. అది కేవలం అలంకారం కాదు. బయటి ప్రకృతిని చూచే చూపే లోపలి ప్రకృతిని చూడగలదని ఆయన నమ్మకం.

కంచె దాటిన చదువు

ఈ ఆదర్శాలను మెచ్చుకొంటూనే ఒక సందేహాన్ని మనం దాచుకోరాదు. రిషీవ్యాలీ రుసుము చెల్లించి చదువుకొనే వసతి పాఠశాల. దాని కంచెకు అవతల మేకలు కాచుకొనే పిల్లలు ఉన్నారు. వారికి ఆ మఱ్ఱినీడ అందుతుందా? సంపన్నుల బిడ్డలు సూర్యాస్తమయం చూడటం నేర్చుకొంటూ ఉంటే, ఆ సూర్యుని క్రిందనే పనిచేసే పిల్లలు ఓనమాలకు కూడ నోచుకోకపోతే ఆ విద్య పరిపూర్ణమవుతుందా?

ఈ ప్రశ్నను ఆ పాఠశాల తప్పించుకోలేదు. 1970వ దశకంలో చుట్టుపట్ల గ్రామాల పిల్లల కోసం అక్కడ గ్రామీణ విద్యాకేంద్రం ఏర్పడింది. గ్రామీణ ఆరోగ్య కేంద్రం కూడ వెలసింది. 1980వ దశకం నుండి సమీప గ్రామాలలో ఏకోపాధ్యాయ పాఠశాలలు ఒకటొకటిగా ఆరంభమయ్యాయి. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలను ఒకే ఉపాధ్యాయుడు బోధించవలసి ఉండటం మన గ్రామీణ పాఠశాలల చిరకాల సమస్య. దానికి పరిష్కారంగా పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెనమెట్ల వలె అమర్చారు. ఏ పిల్లవాడు ఏ మెట్టుమీద ఉంటే అక్కడినుండి తన వేగంతో తాను ముందుకు సాగుతాడు. జ్వరం వచ్చి పదిదినాలు బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు, విడిచిన మెట్టునుండే మరల మొదలుపెడతాడు. అతడు వెనుకబడినవాడు కాడు, దెబ్బలు తినవలసిన పనీ లేదు. కడపలో జ్వరపడిన బాలునికి అటువంటి బడి దొరికి ఉంటే ఎట్లా ఉండేదో ఆలోచించండి.

ఆ కార్డులలోని భాష తెలుగు. ఆ ఊళ్ల కథలు, పాటలు, చెట్లు, పంటలు వాటిలో చోటు చేసుకొన్నాయి. తెలుగును మరచిన మహనీయుని పేరుతో వెలసిన సంస్థ గ్రామీణ బాలలకు తెలుగులోనే ప్రకృతిపాఠం చెప్పడం చరిత్రలోని చక్కని సవరణ. ఈ పద్ధతి ఆ లోయలోనే ఆగిపోలేదు. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు దీనిని చూచి వెళ్లి, నలి-కలి అనే పేరుతో తమ ప్రాథమిక పాఠశాలలలో ప్రవేశపెట్టారు. 2003 నుండి చెన్నై నగరపాలక సంస్థ పాఠశాలలూ, ఆ పిమ్మట తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలూ దీని స్ఫూర్తితోనే కృత్యాధార బోధనను చేపట్టాయి.

ఈ వ్యాప్తినంతటినీ కృష్ణమూర్తి చూడలేదు. 1986 జనవరిలో మద్రాసులో ఆయన చివరి బహిరంగ ఉపన్యాసాలు ఇచ్చారు. అప్పటికే వ్యాధి ముదిరిపోయింది. 1986 ఫిబ్రవరి 17వ తేదీన ఓహాయ్‌లో, క్లోమగ్రంథి క్యాన్సర్‌తో తమ 90వ యేట ఆయన కన్నుమూశారు. తమకు వారసులను గాని, తమ మాటకు అధికారిక వ్యాఖ్యాతలను గాని ఆయన నియమించలేదు.

మన పరిసరాలలో ఈ పాఠం

మహనీయుల జీవితాన్ని చదివి ప్రశంసించి ఊరుకొంటే ప్రయోజనం స్వల్పం. రిషీవ్యాలీ వంటి లోయ అందరికీ ఉండదు. కాని చూడదగిన ప్రకృతి లేని ఊరు లేదు.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాన్నే తీసుకొందాం. ఒకప్పుడు ఇవి హైదరాబాదుకు ఉత్తరాన పొలాలు, చెరువులు, బండగుట్టలు నిండిన పల్లెసీమలు. నేడు రహదారులు, కర్మాగారాలు, ఇండ్లస్థలాలు వాటిని చుట్టుముట్టాయి. టీకాలు తయారుచేసే సంస్థలకు పేరుపొందిన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట చేరువలోనే ఉన్నది. రాస్ పరిశోధన చేసిన భవనం బేగంపేటలో నేటికీ నిలిచి ఉన్నది. ఆరోగ్యశాస్త్రానికి ఇంత చేరువగా ఉన్న పల్లెబడి పిల్లవాడు తన వాకిట్లోని నీళ్లతొట్టిని చూడటం నేర్చుకోకపోతే, ఆ చేరువకు అర్థమేమున్నది?

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు ఒక గాజుసీసాలో నీళ్లతొట్టినుండి తీసిన నీటిని ఉంచి, పైన పలుచని బట్ట కట్టి, పిల్లల ముందు పెట్టవచ్చు. నీటిలో మెలికలు తిరిగే లార్వాలు ఊపిరి కోసం పైకి వస్తాయి. కొన్ని తలక్రిందులుగా ఏటవాలుగా వ్రేలాడుతాయి. అవి డెంగీని వ్యాపింపజేసే దోమజాతివి గాని, మురుగులో పెరిగే దోమజాతివి గాని కావచ్చు. నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకొన్నవి మలేరియాను వ్యాపింపజేసే ఎనాఫిలిస్ జాతివి. వారం, పదిదినాలలో సీసాలోనే దోమ పుడుతుంది. ఆ దృశ్యాన్ని కళ్లారా చూచిన పిల్లవానికి వారానికి ఒకసారి తొట్లు, కూలర్లు, పాత టైర్లు, పూలకుండీల క్రింది పళ్లెాలు ఎందుకు ఖాళీ చేయాలో ఎవరూ ఉపదేశించనక్కరలేదు. అతడే ఇంటికి పోయి అమ్మకు చెబుతాడు. 1897లో సికింద్రాబాదులో వెలుగు చూచిన సత్యం ఆనాడు కడప తల్లికి చేరలేదు. నేడు అది ఒక చిన్నారి నోటిమీదుగా ప్రతి ఇంటికీ చేరగలదు.

అట్లాగే శామీర్‌పేట చెరువు. నిజాముల కాలంలో నిర్మింపబడిన ఆ చెరువుకట్టపైకి పిల్లలను తీసుకొనిపోతే అదే పెద్ద పాఠ్యపుస్తకం. వాన ఏ వైపునుండి ప్రవహించి చెరువును చేరుతున్నది? ఆ దారిలో గోడ కట్టితే నీరు ఎటు పోతుంది? చెరువు నిండినప్పుడు మత్తడి ఎందుకు దూకాలి? పూడిక పెరిగితే ఏమవుతుంది? కొంగ నీటి అంచున కదలకుండ ఎందుకు నిలబడింది? గిజిగాడు గూటిని నీటిపైకి వంగిన కొమ్మకే ఎందుకు కట్టుకొంటుంది? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెంటనే చెప్పివేయకుండా ఉండటమే ఉపాధ్యాయుని నేర్పు. మొదట చూడనివ్వాలి, తరువాత అడగనివ్వాలి, ఆ పిమ్మటనే పుస్తకం తెరవాలి.

వీటన్నిటికంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. తరగతిలో వెనుకబెంచీలో కూర్చొని కిటికీలోనుండి బయటికి చూస్తున్న పిల్లవానిని ఉపాధ్యాయుడు మొదట చూడాలి. అతనికి రక్తహీనత ఉన్నదేమో, చూపు మందగించినదేమో, ఉదయం అన్నం తినకుండ వచ్చినాడేమో విచారించాలి. అదేమీ కాకపోతే, అతడు ఏమి చూస్తున్నాడో అడిగి తెలుసుకోవాలి. బహుశః తరగతిలో తక్కినవారెవరూ చూడనిది అతడు చూస్తూ ఉండవచ్చు. పిల్లవాని ఆరోగ్యాన్ని, అతని చూపును, అతని చుట్టూ ఉన్న నేలను వేరువేరుగా కాక ఒక్కటిగా చూడగలగడమే కృష్ణమూర్తి జీవితం మనకు అందించిన విద్యారహస్యం. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులు కావచ్చు, అందరూ తల్లిదండ్రులు కావచ్చు. ఆనాడు మీ ఎదుట నిలిచే బిడ్డ విషయంలో ఈ పాఠం మీకు గుర్తుకు వస్తే చాలు.

అభ్యాసం

1. బాల్యంలో కృష్ణమూర్తిని ఉపాధ్యాయులు మందమతిగా భావించడానికి కారణాలేమిటి? ఆ భావన సరియైనదేనా? చర్చించండి.
2. 1897వ సంవత్సరానికి ఈ పాఠంలో గల ప్రాధాన్యాన్ని వివరించండి.
3. రిషీవ్యాలీలో ప్రకృతి పునరుద్ధరణ ఏ విధంగా జరిగింది?
4. ఏకోపాధ్యాయ పాఠశాలల సమస్యకు కార్డుల పద్ధతి ఎట్లా పరిష్కారం చూపింది?
5. మీ ఊరి చెరువునో, చెట్టునో వారంపాటు ప్రతిదినం ఒకే సమయంలో పరిశీలించి, మీరు చూచిన మార్పులను ఒక పుటకు మించకుండా వ్రాయండి.